విండోస్ 11 ఎక్కిన రోజు ఏది? సిస్టమ్‌ఇన్ఫో తేదీని దాటి వెతికిన ఒక కేసు

గుంటూరులో మందుల హోల్‌సేల్ వ్యాపారం. బిల్లింగ్ కౌంటర్లో ఒకటే డెస్క్‌టాప్, దానికి 132 కాలమ్‌ల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. ముందుగా అచ్చు వేయించి పెట్టుకున్న బిల్లు ఫారాల మీద అంకెలు గడి దాటి పడుతున్నాయని ఫిర్యాదు. విండోస్ 10 పోయి 11 వచ్చినప్పటి నుంచే ఈ తంటా మొదలైందని కౌంటర్లో పనిచేసేవాళ్లు చెప్పారు. ఈ కంప్యూటర్ ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) 2024 మార్చి 31 వరకు ఒకరి చేతిలో, ఏప్రిల్ 1 నుంచి మరొకరి చేతిలో ఉంది. విండోస్ మార్చింది మేం కాదంటే మేం కాదని ఇద్దరూ అన్నారు. ప్రింటర్ సెట్టింగులు మళ్లీ చేయించే ఖర్చు, పాడైన ఫారాల ఖర్చు ఎవరిదో తేలాలంటే ముందు ఒక తేదీ తేలాలి. విండోస్ 11 ఎక్కింది మార్చి 31 లోపా, ఆ తర్వాతా?

తేదీ తేల్చమని మమ్మల్ని పిలిచేసరికే యజమాని కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, కంప్యూటర్ వివరాలు చూపే సిస్టమ్‌ఇన్ఫో కమాండ్ కొట్టి చూశారు. "ఒరిజినల్ ఇన్‌స్టాల్ డేట్" అన్న వరుసలో 18-01-2025 అని ఉంది. సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీ కూడా అదే తేదీ చూపింది. రెండు చోట్లా ఒకే మాట కనబడేసరికి తప్పు కొత్త ఏఎంసీ వాళ్లదేనని దాదాపు తీర్మానం అయిపోయింది. బకాయి బిల్లు కూడా ఆగిపోయింది.

ఆ తీర్మానం తప్పని చెప్పడానికి ఫోరెన్సిక్ సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. కంప్యూటర్ కొన్న బిల్లు 2019 నవంబర్‌ది. అది విండోస్ 10తో వచ్చిన మెషీన్, హార్డ్ డిస్క్ ఎప్పుడూ మార్చలేదు, ఫార్మాట్ చేయలేదు. అలాంటప్పుడు "ఒరిజినల్" తేదీ 2025 ఎలా అవుతుంది?

సిస్టమ్‌ఇన్ఫో అబద్ధం చెప్పడం లేదు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఇన్‌స్టాల్‌డేట్ అనే విలువ ఒకటి ఉంటుంది, దాన్ని చదివి చూపిస్తుందంతే. విండోస్ 10 మొదలుకొని పెద్ద అప్‌గ్రేడ్ వచ్చిన ప్రతిసారీ సెటప్ ప్రోగ్రామ్ పాత విండోస్‌ను విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌లోకి నెట్టి, పూర్తిగా కొత్త విండోస్ పరిచి, ఫైళ్లూ ప్రోగ్రాములూ సెట్టింగులూ దానిలోకి తెస్తుంది. కొత్తగా పరిచిన విండోస్‌కు ఇన్‌స్టాల్‌డేట్ కూడా కొత్తదే పడుతుంది. కాబట్టి ఆ వరుస చెప్పేది చివరి పూర్తి అప్‌గ్రేడ్ ఎప్పుడు జరిగిందో మాత్రమే. 2025 జనవరి 18న ఈ మెషీన్‌లో జరిగింది 10 నుంచి 11కి మారడం కాదు, విండోస్ 11లోనే 23హెచ్2 అనే వెర్షన్ నుంచి 24హెచ్2కి మారడం. మనకు కావలసిన తేదీ దాని కింద పూడిపోయింది.

పూడిపోయిన తేదీలు ఉండే చోటు

ప్రతి పూర్తి అప్‌గ్రేడ్‌లోనూ సెటప్ ప్రోగ్రామ్ వెళ్లిపోయే విండోస్ వివరాలను రిజిస్ట్రీలో ఒక కీలో (ఫోల్డర్ లాంటిది) నకలు తీసి పెడుతుంది. రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సిస్టమ్, దాని కింద సెటప్ తెరిస్తే "సోర్స్ ఓఎస్" అని మొదలయ్యే కీలు కనబడతాయి. పేరులోనే "అప్‌డేటెడ్ ఆన్" అని తేదీ, సమయం ఉంటాయి. ఈ మెషీన్‌లో అలాంటివి మూడున్నాయి.

మొదటి కీ పేరులో తేదీ 1/27/2021. లోపల బిల్డ్ (ఆ విండోస్ కూర్పు నంబర్) 18363, రిలీజ్ ఐడీ 1909, ఇన్‌స్టాల్‌డేట్ 1573710645.

రెండో కీ పేరులో 3/9/2024. లోపల బిల్డ్ 19045, డిస్‌ప్లే వెర్షన్ 22హెచ్2, ఇన్‌స్టాల్‌డేట్ 1611732910.

మూడో కీ పేరులో 1/18/2025. లోపల బిల్డ్ 22631, డిస్‌ప్లే వెర్షన్ 23హెచ్2, ఇన్‌స్టాల్‌డేట్ 1709995356.

ప్రస్తుతం నడుస్తున్న విండోస్ వివరాలు వేరే చోట ఉంటాయి: సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్. అక్కడ బిల్డ్ 26100, ఇన్‌స్టాల్‌డేట్ 1737217023.

ఈ కీలు చదవడంలో చాలామంది తడబడేది ఒకచోట. పేరులోని తేదీ ఆ విండోస్ వెళ్లిపోయిన రోజు, లోపలి ఇన్‌స్టాల్‌డేట్ అదే విండోస్ వచ్చిన రోజు. కాబట్టి ఒక కీ పేరులోని తేదీ, తర్వాతి కీ లోపలున్న తేదీ ఒకే రోజుకు రావాలి. ఈ లంకె ఎక్కడైనా తెగితే మధ్యలో కీ చెరిపేశారనో, గడియారం తప్పుగా నడిచిందనో అనుమానించాలి. ఇక్కడ మూడు లంకెలూ సరిగ్గా కలిశాయి.

ఇంకో సంగతి. మూడో కీలో ప్రోడక్ట్ నేమ్ దగ్గర "విండోస్ 10 ప్రో" అనే ఉంది, ఇప్పుడు నడుస్తున్న విండోస్‌లోనూ అదే ఉంది. అది చూసి ఇంకా 10లోనే ఉందనుకోకూడదు. విండోస్ 11 రిజిస్ట్రీలో ఆ పేరు మారదు. చూడాల్సింది బిల్డ్ నంబర్. 22000, ఆ పైన ఉంటే విండోస్ 11. అంతకన్నా తక్కువైతే 10. రిలీజ్ ఐడీ కూడా 20హెచ్2 దగ్గర 2009 అని నిలిచిపోయింది, ఆ తర్వాతి వెర్షన్లకు డిస్‌ప్లే వెర్షన్నే చూడాలి.

19045 ఉన్న కీ పోయి 22631 వచ్చిన చోటే 10 నుంచి 11కి మారిన చోటు. అంటే మన జవాబు రెండో కీ పేరులో ఉంది: 3/9/2024.

మార్చి 9వ తేదీనా, సెప్టెంబర్ 3వ తేదీనా?

మన అలవాటు ప్రకారం చదివితే 2024 సెప్టెంబర్ 3. అలా చదివితే బాధ్యత కొత్త ఏఎంసీ మీద పడుతుంది. నెల ముందు పెట్టి చదివితే మార్చి 9, పాత ఏఎంసీ మీద పడుతుంది. కేసంతా ఈ ఒక్క అడ్డగీత మీద నిలబడి ఉంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు.

మొదటి ఆధారం పక్క కీలలోనే ఉంది. 1/27/2021, 1/18/2025 అన్నవి రోజు ముందు పెట్టి చదవడానికి వీల్లేనివి, 27వ నెల, 18వ నెల లేవు గనుక. అదే ప్రోగ్రామ్ అదే పద్ధతిలో రాసిన మధ్య కీ కూడా నెల ముందు పెట్టినదే అవ్వాలి. కానీ ఇది అనుమానం తీర్చే ఆధారమే, ఇద్దరు తగవులాడుతున్నప్పుడు సరిపోయే ఆధారం కాదు. అసలు రుజువు మూడో కీ లోపలున్న అంకె: 1709995356.

రిజిస్ట్రీ ఎడిటర్ దీన్ని ముందు హెక్సాడెసిమల్‌లో చూపుతుంది. విలువ మీద డబుల్ క్లిక్ చేసి డెసిమల్ ఎంచుకుంటే ఈ పది అంకెలు వస్తాయి. ఇది 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కన, గడిచిన సెకన్లు. మార్చడానికి పవర్‌షెల్ ఉంది, ఆన్‌లైన్‌లో సవాలక్ష కన్వర్టర్లు ఉన్నాయి. అయినా తగవు నడుస్తున్న కేసుల్లో రెండు పక్షాల ముందూ క్యాలిక్యులేటర్‌తో చేసి చూపడమే మంచిది. కన్వర్టర్‌ను కాదనేవాళ్లు ఉంటారు, భాగహారాన్ని కాదనేవాళ్లు ఉండరు.

రోజుకు 86,400 సెకన్లు. 1709995356ను 86400తో భాగిస్తే 19791 రోజులు వస్తాయి, 52956 సెకన్లు మిగులుతాయి. 1970 జనవరి 1 నుంచి 2024 జనవరి 1 వరకు 54 ఏళ్లు. 54ను 365తో గుణిస్తే 19710, మధ్యలో వచ్చిన లీపు రోజులు 13 కలిపితే 19723. 19791లోంచి 19723 తీసేస్తే 68. జనవరికి 31, లీపు సంవత్సరం ఫిబ్రవరికి 29, కలిపి 60 పోతే 8 మిగిలాయి. మార్చి 1 నుంచి ఎనిమిది రోజులు దాటితే మార్చి 9. మిగిలిన 52956 సెకన్లు అంటే 14 గంటల 42 నిమిషాల 36 సెకన్లు. అది యూటీసీ, మన సమయానికి ఐదున్నర గంటలు కలపాలి. 2024 మార్చి 9 రాత్రి 8 గంటల 12 నిమిషాల 36 సెకన్లు.

సెప్టెంబర్ 3 అయి ఉంటే ఆ సంఖ్య 172 కోట్ల 53 లక్షల దగ్గర ఉండాలి. ఉన్నది 170 కోట్ల 99 లక్షలు. ఇలాంటి అంకెలు తరచూ చూసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకుంటే చాలు: 2024 సంవత్సరం 170 కోట్ల 40 లక్షల దగ్గర మొదలవుతుంది, నెలకు సుమారు 26 లక్షలు పెరుగుతుంది. కన్వర్టర్ తెరవకముందే ఏ నెలో తెలిసిపోతుంది.

కరెంట్ వెర్షన్ కీలో ఇన్‌స్టాల్‌టైమ్ అని ఇంకో విలువ కూడా ఉంది. ఇది 1601 జనవరి 1 నుంచి, సెకనులో కోటో వంతు చొప్పున లెక్కపెట్టే అంకె. డెసిమల్‌లో 18 అంకెలు వస్తాయి, చివరి ఏడు తీసేస్తే సెకన్లు మిగులుతాయి. ఈ మెషీన్‌లో మిగిలింది 13381690623. అందులోంచి 1601కీ 1970కీ మధ్య తేడా అయిన 11644473600 తీసేస్తే 1737217023, అంటే ఇన్‌స్టాల్‌డేట్‌లో ఉన్న అంకే. ఒక విలువను ఎవరైనా చేత్తో మార్చి ఉంటే రెండోదాన్ని కూడా అదే సెకనుకు మార్చాలి. ఆ శ్రమ పడేవాళ్లు తక్కువ కాబట్టి ఈ పోలిక చేసి చూడడం ఎప్పుడూ లాభమే.

22హెచ్2, 2021లోనా?

పాత ఏఎంసీ వాళ్లు లేవనెత్తిన అభ్యంతరం గట్టిది. రెండో కీ చూపించి ఇలా అడిగారు: "ఇందులో 22హెచ్2 అని ఉంది, ఇన్‌స్టాల్‌డేట్ మారిస్తే 2021 జనవరి 27 వస్తోంది. విండోస్ 10 22హెచ్2 విడుదలైంది 2022 అక్టోబర్ 18న. పుట్టకముందే ఎలా ఎక్కుతుంది? ఈ రికార్డే తప్పు కదా?"

రికార్డు తప్పు కాదు. మైక్రోసాఫ్ట్ కొన్ని వెర్షన్లను పూర్తి అప్‌గ్రేడ్‌గా కాకుండా ఎనేబుల్‌మెంట్ ప్యాకేజీగా ఇస్తుంది. కొత్త సదుపాయాల ఫైళ్లు నెలవారీ అప్‌డేట్లతో ముందే మెషీన్‌లోకి చేరి నిద్రపోతుంటాయి. చిన్న ప్యాకేజీ ఒకటి వచ్చి వాటిని మేల్కొలిపి వెర్షన్ నంబర్ పెంచుతుంది. విండోస్ మొత్తం మళ్లీ పరచడం ఉండదు, విండోస్.ఓల్డ్ ఉండదు, సోర్స్ ఓఎస్ కీ పుట్టదు, ఇన్‌స్టాల్‌డేట్ కదలదు. 1903 నుంచి 1909కి, 2004 నుంచి 22హెచ్2 దాకా వచ్చిన మెట్లన్నీ, విండోస్ 11లో 22హెచ్2 నుంచి 23హెచ్2కి, 24హెచ్2 నుంచి 25హెచ్2కి ఇదే పద్ధతి.

ఈ మెషీన్ చరిత్రను ఆ వెలుగులో చదివితే చిక్కుముడి విడిపోతుంది. 2019 నవంబర్ 14న మొదటిసారి ఆన్ చేసినప్పుడు 1903. తర్వాత చిన్న ప్యాకేజీతో 1909. 2021 జనవరి 27న 1909 మీదికి 20హెచ్2 పూర్తి అప్‌గ్రేడ్‌గా వచ్చింది, అప్పుడు తేదీ మారింది. ఆపైన 21హెచ్1, 21హెచ్2, 22హెచ్2 ఏవి వచ్చినా చిన్న ప్యాకేజీలే, తేదీ 2021 జనవరిలోనే ఆగిపోయింది. 2024 మార్చి 9న విండోస్ 10 22హెచ్2 మీదికి నేరుగా విండోస్ 11 23హెచ్2. ఇది పూర్తి అప్‌గ్రేడ్. ఎందుకంటే 23హెచ్2 చిన్న ప్యాకేజీగా వచ్చేది విండోస్ 11 22హెచ్2లో ఉన్నవాళ్లకే.

ఈ చిన్న ప్యాకేజీ ఎక్కిన తేదీ కావాలంటే అప్‌డేట్ హిస్టరీలో దాని కేబీ నంబర్ (ప్రతి అప్‌డేట్‌కూ మైక్రోసాఫ్ట్ ఇచ్చే నంబర్) వెతకాలి. విండోస్ 10 22హెచ్2కి కేబీ 5015684, విండోస్ 11 23హెచ్2కి కేబీ 5027397. అది కూడా తర్వాతి పూర్తి అప్‌గ్రేడ్ రాకముందే వెతకాలి, ఆ తర్వాత పాత విండోస్ అప్‌డేట్ల జాబితా దొరకదు. ఈ కేసుకు ఆ తేదీలు అవసరం లేదు.

మెషీన్ బయటి సాక్ష్యం

ఒకే కంప్యూటర్‌లోని ఒకే రిజిస్ట్రీ మీద ఆధారపడి డబ్బు తగవు తీర్చకూడదు. మామూలుగా చూసే ఇతర చోట్లు ఇక్కడ ఖాళీ. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ కింద ఉండే పాంథర్‌లో సెటప్ లాగ్ ఉంది గానీ, అది 2025 జనవరి అప్‌గ్రేడ్‌ది. పాతదాని స్థానంలో కొత్తది వచ్చేసింది. విండోస్.ఓల్డ్ మామూలుగా పది రోజులకే చెరిగిపోతుంది.

దుకాణంలో ఒక మంచి అలవాటు ఉంది. ఏటా మార్చి 31 రాత్రి, లెక్కలు మూసేముందు, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి పూర్తి సిస్టమ్ ఇమేజ్ (విండోస్‌తో సహా డిస్క్ మొత్తానికి నకలు) తీసి, ఆ డిస్క్‌ను అలాగే బీరువాలో పెడతారు. ఏ ఏడాది డిస్క్ ఆ ఏడాదిదే. 2023, 2024 డిస్కులు రెండూ చేతికొచ్చాయి. సరిగ్గా కాంట్రాక్టు మారిన రాత్రి తీసిన ఇమేజ్ దొరకడం ఈ కేసులో పెద్ద అదృష్టం.

విండోస్ సిస్టమ్ ఇమేజ్ అంటే లోపల ఉండేది వీహెచ్‌డీఎక్స్ ఫైలు, దాన్ని డ్రైవ్‌లా తెరవొచ్చు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అటాచ్ వీహెచ్‌డీ నొక్కి, రీడ్ ఓన్లీ గడిలో టిక్ పెట్టి తెరవాలి. దాన్ని అదే మెషీన్‌లో తెరవకపోవడమే మంచిది. ఇమేజ్‌లోని డిస్క్ గుర్తింపు, అసలు డిస్క్ గుర్తింపు ఒకటే అయితే రెండూ ఢీకొనవచ్చు. వేరే కంప్యూటర్ వాడండి.

డ్రైవ్‌గా కనబడ్డాక విండోస్, సిస్టమ్32, కాన్ఫిగ్ ఫోల్డర్‌లో సాఫ్ట్‌వేర్, సిస్టమ్ అనే పొడిగింపు లేని రెండు ఫైళ్లుంటాయి. మనకు కావలసిన రిజిస్ట్రీ భాగాలు అవే, వాటిని హైవ్‌లు అంటారు. రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్ మీద నిలబడి, ఫైల్ మెనూలో లోడ్ హైవ్ ద్వారా తెరవాలి. రీడ్ ఓన్లీ డ్రైవ్ నుంచి నేరుగా లోడ్ చేయబోతే ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే హైవ్ తెరిచినప్పుడు విండోస్ దానిలో రాయాలనుకుంటుంది. అందుకని ఆ ఫైళ్లను, పక్కనే ఉండే లాగ్1, లాగ్2 ఫైళ్లతో సహా, వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి ఆ కాపీనే లోడ్ చేయాలి. లాగ్ ఫైళ్లు వదిలేస్తే చివరి మార్పులు కొన్ని కనబడకపోవచ్చు. పని అయ్యాక అన్‌లోడ్ హైవ్ మరవకండి.

2023 మార్చి 31 ఇమేజ్‌లో బిల్డ్ 19045, ఇన్‌స్టాల్‌డేట్ 1611732910, సోర్స్ ఓఎస్ కీ ఒక్కటే. 2024 మార్చి 31 ఇమేజ్‌లో బిల్డ్ 22631, ఇన్‌స్టాల్‌డేట్ 1709995356, సోర్స్ ఓఎస్ కీలు రెండు. ఇప్పటి మెషీన్‌లోని అంకెలతో సెకను కూడా తేడా లేకుండా కలిశాయి. కాంట్రాక్టు మారిన రాత్రికే మెషీన్‌లో విండోస్ 11 ఉంది. తేదీ లెక్క ఒప్పుకోనివాళ్లు కూడా దీన్ని కాదనలేరు. ఆ ఇమేజ్‌లోని పాంథర్ ఫోల్డర్‌లో మార్చి 9 సాయంత్రం నాటి సెటప్ లాగ్ చెక్కుచెదరకుండా ఉంది. ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86 కింద విండోస్ ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ ఫోల్డర్ కూడా ఉంది. దాన్ని మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దించుకుని నడిపితేనే ఆ ఫోల్డర్ ఏర్పడుతుంది. అంటే ఆ ప్రోగ్రామ్‌ను ఎవరో ఈ మెషీన్‌లో నడిపారు.

మిగిలింది గడియారం. మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోతే తేదీ ఎటైనా పోవచ్చు, అప్పుడు ఈ అంకెలన్నీ ఒకదానితో ఒకటి కలిసినా అన్నీ కలిసి తప్పే అవుతాయి. ఇమేజ్‌లోని సిస్టమ్ ఈవెంట్ లాగ్‌లో కెర్నల్ జనరల్ పేరుతో వచ్చే ఈవెంట్ 1 గడియారం మారినప్పుడల్లా నమోదవుతుంది. మార్చి నెలలో ఉన్నవన్నీ ఇంటర్నెట్ సమయంతో సరిచేసుకున్న సెకన్ల తేడాలే. దానికన్నా గట్టి సాక్ష్యం ఈ-ఇన్‌వాయిస్‌లు. ఐదు కోట్లు దాటిన టర్నోవర్ ఉన్న ఈ వ్యాపారం సాటి వ్యాపారులకు వేసే ప్రతి బిల్లునూ (బీ2బీ) ప్రభుత్వ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌కు పంపాలి, పోర్టల్ తన గడియారంతో అక్‌నాలెడ్జ్‌మెంట్ తేదీ, సమయం ఇస్తుంది. మార్చి 9 పగటి బిల్లులు, 11వ తేదీ బిల్లులు తీసి చూస్తే కంప్యూటర్‌లో బిల్లు సేవ్ అయిన సమయానికీ, పోర్టల్ సమయానికీ తేడా నిమిషాల్లోనే ఉంది. ఈ-ఇన్‌వాయిస్‌లు వేసే ఏ మెషీన్‌కైనా గడియారం పరీక్షకు ఇంతకన్నా మంచి మార్గం మాకు కనబడలేదు.

ఈ దారి మూసుకుపోయే సందర్భాలు

డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేస్తే సోర్స్ ఓఎస్ కీలు ఉండవు. అప్పుడు ఇన్‌స్టాల్‌డేట్ ఆ కొత్త విండోస్‌దే, దానికి ముందు చరిత్ర రిజిస్ట్రీలో దొరకదు. డిస్క్‌ను క్లోన్ చేసి ఎస్ఎస్‌డీలోకి మారిస్తే పాత తేదీలన్నీ అలాగే వస్తాయి, ఎస్ఎస్‌డీ కొన్న తేదీకన్నా వెనకటి తేదీలు చూసి కంగారు పడొద్దు. విండోస్ పాడై అదే వెర్షన్‌ను పైనుంచి మళ్లీ వేసినా సోర్స్ ఓఎస్ కీ పుడుతుంది, కాబట్టి కీలను లెక్కపెట్టి ఇన్నిసార్లు వెర్షన్ మారిందని చెప్పకూడదు. బిల్డ్ నంబర్ మారిందా అన్నది చూడాలి.

విండోస్ కాకపోతే పని సులువు. మ్యాక్‌లో సిస్టమ్ రిపోర్ట్ తెరిచి సాఫ్ట్‌వేర్ కింద ఇన్‌స్టలేషన్స్ చూస్తే మ్యాక్‌ఓఎస్ వెర్షన్లు తేదీలతో వరుసగా ఉంటాయి. ఉబుంటులో వెర్షన్ మార్చినప్పటి లాగులు వార్, లాగ్ కింద డిస్ట్-అప్‌గ్రేడ్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఆప్ట్ హిస్టరీ లాగ్ కూడా పనికొస్తుంది గానీ, మామూలు సెట్టింగులో నెలకోసారి మారుతూ పన్నెండు పాతవే మిగులుతాయి. ఏడాది దాటిన ప్రశ్నకు దాన్ని నమ్ముకోవద్దు.

నివేదికలో రాసింది ఇది. విండోస్ 10 22హెచ్2 నుంచి విండోస్ 11 23హెచ్2కి మార్పు 2024 మార్చి 9 రాత్రి 8:12కి, భారత కాలమానం ప్రకారం, పూర్తయింది. విండోస్ 11 24హెచ్2కి మార్పు 2025 జనవరి 18 రాత్రి 9:47కి. ఆధారాలు: మూడు సోర్స్ ఓఎస్ కీల ఎగుమతి ఫైళ్లు, రెండు ఇమేజ్‌ల హైవ్ కాపీలు, సెటప్ లాగ్, ఈ-ఇన్‌వాయిస్ సమయాల పోలిక. ఎవరు నడిపారు అన్నదానికి ఈ ఆధారాలు జవాబు చెప్పవు. మెషీన్‌కు ఒకటే విండోస్ లాగిన్, దాని పాస్‌వర్డ్ కౌంటర్లో అందరికీ తెలుసు. ఆ మాట కూడా నివేదికలో రాసి ఇచ్చాం. ఆగిన బకాయి కొత్త ఏఎంసీ వాళ్లకు విడుదలైంది, ప్రింటర్ ఖర్చు సంగతి యజమాని, పాత కాంట్రాక్టరు మార్చి నెల సర్వీస్ రిజిస్టర్ ముందు పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు.